మందు పని చేయలేదు అనే ముందు, అది రక్తంలోకి పోయిందా లేదా చూడాల: ప్రొద్దుటూరు చెల్లెలికి

ఉత్తరం కొంచెం కుదించి పెడతాండా, చదివేవాళ్లకి సంగతి తెలియాల కదా.

"అక్కా, మాది ప్రొద్దుటూరు. మా బాబుకి 14 ఏండ్లు, బరువు 34 కేజీలు. తొమ్మిదో ఏట వెల్లూరులో చెమట టెస్ట్ చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్, పుట్టుకతోనే గల్ల బంక మాదిరి గట్టిపడే జబ్బు) అని చెప్పినారు. ఎంజైమ్ క్యాప్సూల్స్, నెబులైజర్, వీపు తట్టడం అన్నీ చేస్తానే ఉన్నాం. సంక్రాంతి అయినాక దగ్గు ఎక్కువైంది, గోధుమ రంగులో గట్టి ముక్కల మాదిరి గల్ల పడతాంటే టెస్టులు చేసి ఏబీపీఏ అన్నారు, ఫంగస్‌కి ఊపిరితిత్తుల్లో అలర్జీ అంట. ఐజీఈ (రక్తంలో అలర్జీ చూపించే నంబరు) 2600 ఉండింది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రాసినారు, ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ 100 పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాసినారు. రెండు నెలలకి మళ్లీ చేయిస్తే 2250. అంతే తగ్గింది. ముఖం మాత్రం బాగా ఉబ్బింది. పొద్దున పరగడుపున పాన్-డి, ఇట్రా రెండూ ఒకేసారి మింగిస్తా, స్కూలు టైముకి అదే వీలు. బుడెసొనైడ్ ఉండే ఇన్‌హేలర్ కూడా వాడతాండాడు. మా తమ్ముడు నెట్‌లో చూసి సీఎఫ్ ఉన్నోళ్లకి ఫంగస్ మందు పని చేస్తాదని రుజువే లేదు, ఊరికే లివర్ చెడిపోతాది ఆపేయండి అంటాడు. మా మామ ఇది టీబీనే, ఇక్కడే ఒక డాక్టరు టీబీ కోర్సు మొదలుపెడదాం అన్నాడు, వినండి అంటాడు. ఎవరి మాట వినాలో తెలియక నిద్ర పట్టడం లేదు. ఆపేయాల్నా, మందు మార్చాల్నా?"

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. మొదటిసారి చదివినప్పుడు బాధ అయింది, రెండోసారి "పరగడుపున పాన్-డి, ఇట్రా ఒకేసారి" అన్న చోట ఆగిపోయినా. నీ ప్రశ్నకి జవాబు చానా వరకు ఆ ఒక్క లైనులోనే ఉందని నాకు అనిపిస్తాంది. నేను డాక్టర్‌ని కాదు, కర్నూలులో పద్దెనిమిదేండ్లు ఆసుపత్రి ఫార్మసీ కౌంటర్లో నిలబడినదాన్ని, కాబట్టి మందు ఎట్లా వేసుకోవాల, దేంతో కలిస్తే ఏమవుతాది అనేది నాకు బాగా తెలిసిన పని, మార్చడం ఆపడం మాత్రం మీ డాక్టరు చేతిలో పని. ఈ తేడా మనసులో పెట్టుకొని చదువు.

ముందు ఈరోజే చేయాల్సింది ఒకటి చెప్తా, మిగతాది తీరిగ్గా చదువుకో. పాన్-డిలో రెండు మందులు ఉంటాయి, పాంటాప్రజోల్ ఒకటి, డొంపెరిడోన్ ఇంకొకటి, ఆ "డి" అంటే అదే. డొంపెరిడోన్‌ని ఇట్రాకొనజోల్‌తో కలిపి వాడకూడదు, ఇట్రా దాన్ని ఒంట్లో కరగనీకుండా ఆపుతాది, అది పేరుకొని గుండె కొట్టుకునే లయ మీద పడే ప్రమాదం ఉంది. సీఎఫ్ పిల్లలకి వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్ కూడా ఇస్తా ఉంటారు, మీవాడికి అది కూడా ఉంటే ఆ సంగతి ఇంకా గట్టిగా చెప్పాల, ఎందుకంటే అది కూడా గుండె లయ మీదనే పని చేసే మందు. భయపడొద్దు, కానీ సాయంత్రం దాకా ఆగొద్దు, మీ డాక్టర్‌కి ఫోన్ చేసి "ఇట్రాకొనజోల్‌తో పాటు పాన్-డి వేస్తాండాం, డొంపెరిడోన్ తీసేయాల్నా, ఒక ఈసీజీ చేయించాల్నా" అని ఈ మాటల్లోనే అడుగు. ఇది ఎవరో కావాలని చేసిన తప్పు కాదు, స్టెరాయిడ్ రాసినప్పుడు కడుపులో మంట రాకుండా ఒక గ్యాస్ బిళ్ళ రాయడం మన దగ్గర అలవాటు, ఎక్కువ మంది చేతికి అలవాటుగా వచ్చేది పాన్-డినే.

ఇప్పుడు పాంటాప్రజోల్ సంగతి. ఇట్రాకొనజోల్ మామూలు క్యాప్సూల్ ఎప్పుడన్నా విప్పి చూసినావా? విప్పొద్దు, అట్లా వాడకూడదు, కానీ నేను కౌంటర్లో చీలిపోయిన క్యాప్సూల్ ఒకటి అరచేతిలో పోసుకొని చూసినా, లోపల ఆవగింజంత గుండ్లు ఉంటాయి, సోంపు మిఠాయి మాదిరి తెల్లగా. ఆ గుండ్ల మీద పూతగా పూసింది మందు. ఆ పూత కరగాలంటే కడుపులో పులుపు ఉండాల, యాసిడ్ ఉండాల. పాంటాప్రజోల్ పని ఏంటంటే ఆ యాసిడ్‌నే తగ్గించడం. అంటే పొద్దున్నే ఒక చేత్తో తాళం వేసి ఇంకో చేత్తో తలుపు తట్టినట్టు అవుతాంది. పైగా ఈ క్యాప్సూల్ పరగడుపున వేసుకునేది కాదు, కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాల, తిండి ఉంటేనే బాగా ఎక్కుతాది. మీవాడికి రెండూ రివర్స్ అయినాయి, ఖాళీ కడుపు, యాసిడ్ లేని కడుపు. ఆ గుండ్లలో ఎంత మందు రక్తంలోకి పోయిందో, ఎంత ఊరికే బయటికి పోయిందో ఎవరు చెప్పగలరు? అందుకే నేను అంటాండేది, ఇది మందు ఫెయిల్ అయినట్టు కాదు, మందుకి ఇంకా పరీక్షే పెట్టలేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా, ఇప్పటికీ గుర్తొస్తే గుండె బరువెక్కుతాది. డోన్ వైపు నుంచి ఒక కాలేజీ పిల్ల వచ్చేది, ఆస్తమా మీద ఏబీపీఏ వచ్చిన కేసు. నెలనెలా అదే చీటీ, ఇట్రాకొనజోల్, పాంటాప్రజోల్, నేను అవే రెండు స్ట్రిప్పులు కవర్లో వేసి పొద్దున రాత్రి అని పెన్నుతో గీతలు గీసి ఇచ్చేదాన్ని. మూడు నెలలు. ఐజీఈ కదల్లేదు. స్టెరాయిడ్ పెంచినారు. నాలుగో నెల బయట నుంచి వచ్చిన ఒక డాక్టరు ఆ పిల్లని వేరే ఏం అడగకుండా "ఎప్పుడు మింగుతాండావు, ఏం తిని మింగుతాండావు, దాంతో ఇంకేం మింగుతాండావు" అని మూడు మాటలు అడిగినాడు, నేను పక్కనే నిలబడి ఉన్నా. గ్యాస్ బిళ్ళ తీసేసి, భోజనం అయినాక వేసుకోమని మార్చినారు, ఆ తర్వాత రెండు నెలలకి నంబరు దిగింది. ఆ మూడు ప్రశ్నలు కౌంటర్లో నేను అడిగి ఉండాల్సినవి. అప్పటి నుంచి ఇట్రా చీటీ నా చేతికి వస్తే ఆ మూడూ అడగకుండా స్ట్రిప్ చించలేదు.

అయితే మీవాడి విషయంలో ఒక చిక్కు ఉంది, అందుకే పాంటాప్రజోల్‌ని నీ అంతట నువ్వు ఆపొద్దు. సీఎఫ్ ఉన్నోళ్లకి క్లోమం నుంచి యాసిడ్‌ని విరిచే రసం సరిగ్గా రాదు, దాంతో పేగులో పులుపు ఎక్కువగా ఉండి ఎంజైమ్ క్యాప్సూల్స్ పని చేయవు, అందుకని కొంతమందికి ఎంజైమ్ బాగా పట్టాలనే యాసిడ్ తగ్గించే బిళ్ళ ఇస్తారు. మీవాడికి అది కడుపు మంటకి ఇచ్చినారా, ఎంజైమ్ కోసం వెల్లూరు వాళ్లు ఇచ్చినారా కనుక్కో. కడుపు మంట కోసమే అయితే తీసేయడం సులువు. ఎంజైమ్ కోసం అయితే ఇట్రా రూపాన్ని మార్చొచ్చు, యాసిడ్ మీద అంతగా ఆధారపడని రకం ఉంది, షాపుల్లో ఎస్‌బీ అని, సూబా అని పేరు పక్కన ఉంటాది, 50, 65, 100, 130 అట్లా దొరుకుతాయి. కానీ జాగ్రత్త, ఆ 65 ఈ 100 ఒకటే నంబరు మాదిరి లెక్క వేయకూడదు, అది ఎక్కువగా రక్తంలోకి పోయే రకం కాబట్టి మిల్లీగ్రాములు డాక్టరు కొత్తగా రాయాల, షాపోడు "అది లేదమ్మా ఇది తీసుకో సేమ్" అంటే తీసుకోవద్దు. ద్రవం రూపంలో ఉండే ఇట్రా అయితే మళ్లీ ఖాళీ కడుపునే వేసుకోవాల. ఒకే మందు, మూడు రూపాలు, మూడు పద్ధతులు, అందుకే నీ చేతిలో ఉండేది ఏ రకమో స్ట్రిప్ మీద చదివి నాకు కాదు, మీ డాక్టర్‌కి చెప్పు.

మామూలు క్యాప్సూలే కొనసాగిస్తే పొద్దున ఇడ్లీనో ఉగ్గానో గట్టిగా తిన్నాక, ఎంజైమ్ ఎట్లాగూ తిండితోనే కదా, తిండి అయిన వెంటనే ఇట్రా. రాత్రి సంగటి తిన్నాక ఇంకొకటి. కడుపులో యాసిడ్ తక్కువ ఉన్నోళ్లకి కోలా డ్రింకుతో మింగిస్తే మందు బాగా ఎక్కుతాదని పరీక్షించి చూసినారు, నిజమే, కానీ పరీక్షించింది కోలాతో, మన మజ్జిగతోనో నిమ్మకాయ నీళ్లతోనో కాదు, ఇంకా మీవాడు స్టెరాయిడ్ మీద ఉండాడు కాబట్టి షుగర్ సంగతి చూడకుండా రోజూ రెండు పూటలా కోలా తాగించడం మంచిది కాదు, డాక్టర్‌ని అడిగే చేయి. గ్యాస్‌కి తాగే పింక్ సీసా మందు ఏదన్నా ఇంట్లో ఉంటే ఇట్రా వేసిన రెండు గంటల దాకా దాని జోలికి పోవద్దు.

ఇదంతా సరి చేసినాక రెండు వారాలకి ఇట్రాకొనజోల్ లెవెల్ అని ఒక రక్త పరీక్ష ఉంది. రాత్రి డోసు వేసినాక పొద్దున డోసు వేయకముందు రక్తం తీస్తారు. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల పైన ఉంటే మందు చేరింది అని లెక్క. ఈ టెస్టు ప్రొద్దుటూరులోనో కడపలోనో అప్పటికప్పుడు చేసేది కాదు, శాంపిల్ పెద్ద ల్యాబుకి పంపాల్సి వస్తాది, వెల్లూరు రివ్యూకి పోయే ముందు ఫోన్ చేసి యాడ చేస్తారో కనుక్కో. దుడ్లు అవుతాయి, అయినా చేయించు అంటా నేను, ఎందుకంటే ఈ ఒక్క నంబరు లేకుండా "మందు పని చేయలేదు, మార్చుదాం" అని ఎవరన్నా చెప్తే అది ఊహ మాత్రమే.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. అతను అబద్ధం చెప్పలేదు, దాన్ని నువ్వు కొట్టిపారేయొద్దు. వైద్య ట్రయల్స్‌ని జల్లెడ పట్టే కాక్రేన్ అనే సంస్థ సీఎఫ్ ఉన్నోళ్లలో ఏబీపీఏకి యాంటీఫంగల్ మందుల మీద సరైన పోలిక ట్రయల్ ఉందా అని వెతికితే లెక్కలోకి తీసుకోదగ్గది ఒక్కటీ దొరకలేదు. కానీ "రుజువు లేదు" అన్న మాటకి రెండు అర్థాలు ఉంటాయి. పరీక్ష పెట్టి చూస్తే పని చేయలేదు అనేది ఒకటి, పరీక్షే పెట్టలేదు అనేది ఇంకొకటి. ఇక్కడ రెండోది. సీఎఫ్ ఉన్నోళ్లు తక్కువ మంది, వాళ్లలో ఏబీపీఏ వచ్చినోళ్లు ఇంకా తక్కువ, ట్రయల్ చేయడానికి మనుషులు కూడాలంటేనే కష్టం. అందుకని డాక్టర్లు ఆస్తమాతో ఏబీపీఏ వచ్చినోళ్ల మీద జరిగిన ట్రయల్స్ చూసి నడుస్తాండారు. అమెరికాలో 2000లో వచ్చిన ట్రయల్‌లో స్టెరాయిడ్ మీదే బతుకుతాండే 55 మందికి సగం మందికి ఇట్రా, సగం మందికి మందు లేని ఉత్త బిళ్ళ 16 వారాలు ఇస్తే, ఇట్రా వేసుకున్నోళ్లలో 46 శాతం మందికి మేలు అయింది, ఉత్త బిళ్ళ వాళ్లలో 19 శాతం మందికే. మన దేశంలోనే చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వాళ్లు 131 మంది మీద చేసి 2018లో బయటపెట్టినారు, ప్రెడ్నిసోలోన్ ఒక్కటే ఇచ్చినోళ్లందరికీ గుణం కనిపించింది, ఇట్రా ఒక్కటే ఇచ్చినోళ్లలో 88 శాతం మందికి కనిపించింది, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం స్టెరాయిడ్ వాళ్లకే ఎక్కువ. ఇవి సీఎఫ్ ట్రయల్స్ కావు, ఆ లోటు ఉండనే ఉంది, కానీ "ఊరికే వేస్తాండారు" అన్న మాట కూడా నిజం కాదు.

సీఎఫ్‌లో జరిగిన ఒక ట్రయల్ మాత్రం మీ తమ్ముడికి చదవమని చెప్పు, నా ఉద్దేశంలో మీ కేసుకి అదే అన్నిటికంటే దగ్గర. కెనడాలో 2012లో బయటికొచ్చింది, గల్లలో మాటిమాటికీ ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ వస్తాండే 35 మంది సీఎఫ్ వాళ్లలో కొందరికి ఇట్రా, కొందరికి ఉత్త బిళ్ళ 24 వారాలు ఇచ్చి చూసినారు, లాభం కనిపించలేదు. చూసినావా పని చేయలేదు అంటాడు మీ తమ్ముడు. కానీ అదే ట్రయల్‌లో ఇట్రా వేసుకున్నోళ్ల రక్తంలో మందు కొలిస్తే 43 శాతం మందికి చాలినంత లెవెల్ రానే లేదు! డాక్టర్ల కండ్ల ముందర ట్రయల్‌లో వేసుకున్నోళ్లకే ఆ గతి అయితే, స్కూలు బస్సు హడావుడిలో పరగడుపున గ్యాస్ బిళ్ళతో కలిపి మింగిన పిల్లోడికి ఎంత ఎక్కి ఉంటాది చెప్పు.

ఆ ట్రయల్ ఇంకో సంగతి కూడా చెప్తాది. గల్ల కల్చర్‌లో ఫంగస్ పేరు వచ్చినంత మాత్రాన మందు మొదలుపెట్టాల్సిన పని లేదు, సీఎఫ్ ఊపిరితిత్తుల్లో అది ఊరికే కూర్చొని ఉండొచ్చు కూడా. మీవాడి కేసు అట్లాంటిది కాదు, ఐజీఈ 2600, గోధుమ రంగు ముక్కలు, ఉన్నట్టుండి దగ్గు పెరగడం, ఇవి అలర్జీ లెక్కలు. ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే బూజు గింజలు మనందరి ముక్కుల్లోకీ రోజూ పోతాయి, మనకి పల్చటి గల్ల వాటిని ఊడ్చి పారేస్తాది. సీఎఫ్‌లో ఉప్పు, నీళ్లు పోయే తలుపు పుట్టుకతోనే చెడిపోయి ఉంటాది కాబట్టి గల్ల బంక మాదిరి అవుతాది, గింజ అందులో ఇరుక్కొని మొలకెత్తుతాది, ఒళ్లు దాని మీద కోపంతో అలర్జీ తెచ్చుకుంటాది, ఆ వాపుకి గాలి గొట్టాలు సాగి వెడల్పు అయిపోతాయి, అవి మళ్లీ పాత సైజుకి రావు. స్టెరాయిడ్ ఆ కోపాన్ని చల్లారుస్తాది, యాంటీఫంగల్ ఆ కోపం తెప్పించే బూజుని తగ్గిస్తాది, దాంతో స్టెరాయిడ్ తక్కువతో, తొందరగా గట్టెక్కొచ్చు అనేది ఆశ. మందు పడతాంది కదా అని వీపు తట్టడం, ఉప్పు నీళ్ల నెబులైజేషన్ తగ్గించొద్దు, ఇరుక్కున్న ముక్క బయటికి రావాలంటే అదే దారి.

ఐజీఈ నంబరు గురించి ఒక లెక్క. 2600 నుంచి 2250 అంటే 13 శాతం చిల్లర తగ్గింది. ఎనిమిది వారాలకి 20 శాతమన్నా తగ్గితే మందుకి గుణం ఉన్నట్టు అని 2024లో సవరించిన లెక్క, ముందు 25 శాతం అనేవాళ్లు. అంటే మీవాడిది 2080కి దిగి ఉంటే సరే అనేవాళ్లు. ఆ నంబరు వంద రెండొందలకి వచ్చేయాల అని మాత్రం ఎదురుచూడొద్దు, చానా మందికి మామూలుకి రానే రాదు, వాళ్లకి ఒక కొత్త అడుగు నంబరు పడతాది, మళ్లీ దాని మీద 50 శాతం పెరిగి దగ్గు కూడా పెరిగితే అప్పుడు తిరగబెట్టింది అంటారు. కాబట్టి రిపోర్టులన్నీ తేదీల ప్రకారం దాచిపెట్టు.

ముఖం ఉబ్బింది అన్నావు. రెండు నెలలు ప్రెడ్నిసోలోన్ వాడితే అది ఉబ్బుతాది, డోసు తగ్గే కొద్దీ దిగుతాది. కానీ ఇక్కడ ఇంకొక దొంగ ఉన్నాడు, ఆ ఇన్‌హేలర్. బుడెసొనైడ్ గానీ ఫ్లూటికసోన్ గానీ మామూలుగా ఊపిరితిత్తుల్లో పని చేసి, ఒంట్లోకి పోయింది పోయినట్టే లివర్‌లో కరిగిపోతాది, ఇట్రా ఆ కరిగించే యంత్రాన్నే ఆపుతాది కాబట్టి పీల్చిన స్టెరాయిడ్ కూడా మింగిన స్టెరాయిడ్ మాదిరి ఒంట్లో నిలబడిపోతాది. ఇప్పుడు ఇట్రా సరిగ్గా ఎక్కడం మొదలైతే ఇది ఇంకా పెరుగుతాది, అందుకే ఇట్రా వేసుకునే పద్ధతి మార్చేటప్పుడే ఇన్‌హేలర్ సంగతి కూడా తేల్చుకోవాల. అది నిజంగా అవసరమా, అవసరం అయితే బెక్లోమెథసోన్ లాంటి ఈ తగాదా తక్కువ ఉండేదానికి మార్చొచ్చా అని అడుగు.

ముఖం చూసి స్టెరాయిడ్ మాత్రం టక్కున ఆపొద్దు చెల్లీ, దండం పెట్టి చెప్తాండా. ఇన్ని వారాలు బయట నుంచి ఇస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటాది, ఒక్కసారి ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకి వస్తాది. మెల్లగా దించాల, డాక్టరు రాసిన మెట్ల ప్రకారం. మన కడప ఎండల్లో ఇంకో భయం కూడా ఉంది. సీఎఫ్ పిల్లలకి చెమటలో ఉప్పు చానా పోతాది. 1948లో న్యూయార్క్‌లో వడగాలులు వచ్చినప్పుడు ఆసుపత్రికి వడదెబ్బతో వచ్చిన పిల్లల్లో సీఎఫ్ వాళ్లు ఎక్కువగా ఉండడం ఒక డాక్టరు గమనించినాడు, దాని వెంట పోతే 1953లో చెమటలో ఉప్పు సంగతి బయటపడింది, మీవాడికి వెల్లూరులో చేసిన చెమట టెస్టుకి పునాది అదే. అక్కడి ఎండకే అట్లయితే మన 42, 43 డిగ్రీల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. వాంతులు, కాళ్లు పీకడం, మగతగా పడుకోవడం ఇట్లా ఉంటే అది ఉప్పు తగ్గడం కావొచ్చు, స్టెరాయిడ్ తేడా కావొచ్చు, ఇంట్లో కూర్చొని తేల్చేది కాదు, గమ్మున ఆసుపత్రికి తీసుకుపోయి సోడియం, షుగర్ చూపించు. షుగర్ ఎందుకంటే సీఎఫ్‌లో పదేండ్లు దాటినాక ఏటా చూడాల్సిందే, స్టెరాయిడ్ మీద ఇంకా ముఖ్యం.

టీబీ విషయం. మీ మామని కసురుకోవద్దు, మన దేశంలో దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే ముందు టీబీనే గుర్తొస్తాది, ఏబీపీఏ అని తేలకముందు టీబీ కోర్సు వాడి వచ్చినోళ్లని నేను కౌంటర్లో చానా మందినే చూసినా. టీబీ ఉండకూడదని ఏం లేదు, ఉంటే వైద్యం చేయాల్సిందే. కానీ గల్ల పరీక్షలో, జీన్ టెస్టులో టీబీ దొరికితే మొదలుపెట్టండి, అనుమానంతో మాత్రం వద్దు. ఎందుకంటే టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఇట్రాని రక్తంలో నిలబడనీయదు, దాదాపు ఊడ్చిపెడతాది, స్టెరాయిడ్ బలాన్ని కూడా తగ్గిస్తాది. అనుమానం మీద టీబీ కోర్సు మొదలుపెడితే ఇప్పుడు చేస్తాండే వైద్యం మొత్తం నీళ్లలో పోసినట్టే. ఆ డాక్టర్‌కి "పిల్లోడు ఇట్రాకొనజోల్ మీద ఉండాడు, సీఎఫ్ ఉంది" అని ముందే చెప్పినారా? చెప్పకపోతే చెప్పండి, ఆయన కూడా ఆలోచిస్తాడు.

మందు మార్చాల్నా అన్నావు. లెవెల్ బాగా వచ్చినాక కూడా ఐజీఈ, దగ్గు, ఊదే టెస్టు కదలకపోతే అప్పుడు వోరికొనజోల్, పోసకొనజోల్ లాంటివి ఉన్నాయి. వోరికొనజోల్ రివర్స్, అది తిండికి గంట ముందో గంట తర్వాతో వేసుకోవాల. కొంతమందికి వేసుకున్న కాసేపు కండ్ల ముందు వెలుగు మిణుకుమిణుకు అంటాది. దానితో నాకు అసలు భయం ఎండ, చర్మం ఎండకి మాడి ఎర్రగా అవుతాది, సంవత్సరాల తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఉంది, మధ్యాహ్నం క్రికెట్ ఆడే 14 ఏండ్ల పిల్లోడికి మన ఊర్లలో ఇది చిన్న విషయం కాదు. లివర్ మీద ఈ మందులన్నిటికీ ప్రభావం ఉంటాది, అక్కడ మీ తమ్ముడి భయం సరైనదే, సీఎఫ్‌లో లివర్‌కి సొంత సమస్య కూడా ఉండొచ్చు కాబట్టి లివర్ టెస్టు మొదట్లో ఒకసారి, నెలకి ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడు చేయిస్తా ఉండాల. తిండి సహించకపోవడం, ఒంటికి దురద, కండ్లు పచ్చబడడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, ఇందులో ఏది కనిపించినా తర్వాతి డోసు వేయకముందే ఫోన్ చేయి. సీఎఫ్‌లో జబ్బు మూలం మీదనే పని చేసే ఐవకాఫ్టర్ కలిసిన కొత్త బిళ్ళలు ఉన్నాయి, చానా ఖరీదు, ఎప్పుడన్నా మీవాడికి దొరికే అవకాశం వస్తే ఇట్రాతో కలిపినప్పుడు వాటి డోసు బాగా తగ్గించాల్సి ఉంటాది, ఇది గుర్తుపెట్టుకో.

చివరిగా ఇంటి సంగతి. నువ్వు రాయలేదు కానీ ప్రొద్దుటూరు చుట్టుపక్కల అంటే ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో శెనక్కాయలు, కట్టె వామి, గొడ్లు ఏదో ఒకటి ఉండకపోదు. వాన తడిసిన శెనక్కాయ కట్టె వామిని కొన్నాళ్లకి పట్టా తీసి లాగితే బూడిద రంగులో పొగ మాదిరి లేస్తాది చూసినావా, చేతికి వెచ్చగా తగులుతాది లోపల, ఆ పొగ దుమ్ము కాదు, అది బూజు గింజలే, ఆ వేడి ఈ ఫ్యుమిగేటస్‌కి చానా ఇష్టం. శెనక్కాయల్లో విషం పుట్టించే ఆకుపచ్చ బూజు దీని చుట్టమే, ఫ్లేవస్ అంటారు. కాబట్టి వామి లాగేటప్పుడు, కాయలు ఒలిచేటప్పుడు, దిబ్బ ఎరువు తోలేటప్పుడు పిల్లోడు ఆ పొద్దు ఆ పక్కకి రాకూడదు, మాస్కు కట్టినా సరే. ఎండాకాలం గడ్డి పట్టీల కూలర్ పెడితే ఆ గడ్డి తడిసి తడిసి బూజు పడతాది, పోయిన ఏటి పట్టీలు తీసి పారేసి కొత్తవి వేయండి, లేకుంటే వాడు పడుకునే గదిలో ఫ్యానే మేలు. నెబులైజర్ కప్పు వాడిన ప్రతిసారీ కడిగి, డాక్టరు చెప్పినట్టు ఉడకబెట్టి, పూర్తిగా ఆరబెట్టాల, తడి మూతతో డబ్బాలో పెట్టొద్దు.

వెల్లూరు పోయేటప్పుడు కాట్పాడిలో దిగి హడావుడిగా ఓపీకి పరిగెత్తే ముందు ఒక పని ఇంట్లోనే చేసుకో. చీటీలు కాదు, స్ట్రిప్పులు, ఇన్‌హేలర్, గ్యాస్ బిళ్ళ, దగ్గు మందు సీసా, ఎవరో ఇచ్చిన ఆకుపసరు పొడి ఉంటే అది కూడా, అన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకో. ఒక కాయితం మీద ఏది ఎన్ని గంటలకి, తిన్నాకనా తినకముందా రాసుకో, నువ్వు నాకు రాసినంత నిజంగా రాయి, "పరగడుపున వేసినా" అని రాయడానికి మొహమాటపడొద్దు. లోపలికి పోయినాక సంచి టేబుల్ మీద పరిచి, ఇట్రా లెవెల్ ఎప్పుడు చేయిస్తాం సార్ అని అడుగు. పాన్-డి ఫోన్ మాత్రం ఈరోజే.